పాలిచ్చే అమ్మ యాంటీబయోటిక్ వాడాల్సి వస్తే ఏం చేయాలి?

బాలింతకు జ్వరమో, కుట్ల దగ్గర చీమో, మూత్రంలో మంటో వచ్చి డాక్టర్ యాంటీబయోటిక్ రాయగానే ఇంట్లో పెద్దవాళ్ల నోట వచ్చే మొదటి మాట "మందులు అయ్యేదాకా పాలు ఆపెయ్యమ్మా" అని. బిడ్డ మీద ప్రేమతోనే అంటారు. కానీ చాలాసార్లు మందు కన్నా ఆ సలహా వల్లే బిడ్డకు ఎక్కువ నష్టం జరుగుతుంది. మనకు మామూలుగా రాసే యాంటీబయోటిక్స్‌లో ఎక్కువ భాగం పాలిస్తూ వాడుకోదగ్గవే. మరోపక్క, బిడ్డకు ఏమవుతుందోనన్న టెన్షన్‌తో మాత్రలు మింగకుండా జ్వరంతోనే నెట్టుకొచ్చే తల్లులూ ఉన్నారు. ఈ రెండు కష్టాలూ పడనక్కర్లేదు.

అసలు పాలలోకి మందు ఎంత వెళ్తుంది?

మీరు మింగిన మాత్ర కడుపులోంచి రక్తంలోకి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా పాలలోకి చేరుతుంది. మీ బరువులో కిలోకి మీరు ఎంత మందు తీసుకుంటున్నారు, పాల ద్వారా బిడ్డ బరువులో కిలోకి ఎంత అందుతోంది అని డాక్టర్లు లెక్క చూస్తారు. ఇది 10 శాతం లోపు ఉంటే చాలా మందుల విషయంలో ఇబ్బంది లేదని భావిస్తారు. అమాక్సిసిలిన్‌కు ఈ లెక్క 1 శాతం దగ్గర ఉంటుంది. పైగా అదే అమాక్సిసిలిన్‌ను పసిపిల్లలకు జబ్బు చేస్తే సిరప్‌గా నేరుగా తాగిస్తారు. పాలలో వచ్చేది అందులో చాలా చిన్న వంతు.

1. ఆ మందు మీకు నిజంగా కావాలా, చూసుకోండి

జలుబు, మామూలు దగ్గు, వైరల్ జ్వరాలకు యాంటీబయోటిక్ పనిచేయదు. అయినా మెడికల్ షాపుకు వెళ్లి "గొంతు నొప్పి" అంటే మూడు అజిత్రోమైసిన్ మాత్రల షీటు చేతిలో పెట్టడం మన ఊళ్లలో మామూలైపోయింది. షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ లేకుండా కొనకూడని మందు. నీళ్ల విరేచనాలకు ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్రలు అడిగీ అడగకుండానే ఇచ్చేస్తుంటారు. అది ఒకే మాత్రలో రెండు మందులు. ఆర్నిడజోల్ గురించి పాలిచ్చే తల్లుల విషయంలో ఉన్న సమాచారమూ తక్కువే. చాలా విరేచనాలు ఓఆర్ఎస్‌తో, తిండితో వాటంతటవే తగ్గుతాయి. జ్వరం, రక్తం, విపరీతమైన నీరసం ఉంటే డాక్టర్ దగ్గరకే వెళ్లాలి.

2. డాక్టర్‌కు ఈ మాటలు మీరే ముందుగా చెప్పండి

"నేను పాలిస్తున్నాను" అని చెప్పకపోతే పళ్ల డాక్టర్‌కో, చర్మం డాక్టర్‌కో తెలిసే అవకాశం లేదు. బిడ్డకు ఏడాది నిండినా సరే, ఇంకా తాగుతుంటే చెప్పండి. దానితోపాటు బిడ్డ వయసు చెప్పండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన వివరం ఇదే. నెల లోపు బిడ్డ కాలేయం, మూత్రపిండాలు మందును బయటకు పంపడంలో ఇంకా నెమ్మదిగా ఉంటాయి. అదే ఆరు నెలలు దాటిన బిడ్డ అన్నం, పప్పు కూడా తింటుంది కాబట్టి తాగే పాలూ తక్కువ, చేరే మందూ తక్కువ.

నెలలు నిండకుండా పుట్టిందా, పచ్చకామెర్లు ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా జీ6పీడీ లోపం (కొన్ని మందులకు ఎర్ర రక్తకణాలు పగిలిపోయేలా చేసే పుట్టుకతో వచ్చే లోపం) ఉందా, బిడ్డకు వేరే మందులు వాడుతున్నారా అన్నవీ చెప్పాలి. మీకు పెన్సిలిన్ పడకపోతే ఆ సంగతి కూడా.

3. చీటీలో పేరు చూసుకోండి

అమాక్సిసిలిన్, దానికి క్లావులానిక్ ఆమ్లం కలిపిన ఆగ్మెంటిన్ లాంటివి, సెఫలెక్సిన్, సెఫిక్సిమ్, సెఫురోక్సిమ్, సిజేరియన్ తర్వాత ఇచ్చే సెఫట్రయాక్సోన్ ఇంజెక్షన్లు, అజిత్రోమైసిన్: వీటిని వాడుతూ సాధారణంగా పాలు ఇవ్వవచ్చు.

మెట్రోనిడజోల్, అంటే మెట్రోజిల్, ఫ్లాజిల్ పేర్లతో దొరికేది, సిజేరియన్ అయ్యాక, పంటి చీముకు తరచూ రాస్తారు. ఇది పాలలోకి కాస్త ఎక్కువే వెళ్తుంది. అయినా రోజుకు మూడుసార్లు 400 మిల్లీగ్రాముల మాత్ర వేసుకునే మామూలు కోర్సులో పాలు ఆపాల్సిన పని ఉండదు. ఒకేసారి 2 గ్రాములు మింగమంటే మాత్రం కొందరు డాక్టర్లు 12 నుంచి 24 గంటలు పాలు పిండి పారబోయమంటారు. అప్పుడు ఆ మోతాదును చిన్న మాత్రలుగా కొన్ని రోజులకు సర్దవచ్చేమో అడగండి.

డాక్సీసైక్లిన్ అనగానే బిడ్డ పళ్లు పచ్చబడతాయన్న భయం వస్తుంది. ఆంధ్రలో కనిపించే స్క్రబ్ టైఫస్ జ్వరానికి ఇదే ప్రధాన మందు కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పాలలోని కాల్షియం ఈ మందును పట్టి ఉంచుతుంది కాబట్టి బిడ్డ ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. మూడు వారాలు మించని కోర్సుకు సాధారణంగా అభ్యంతరం లేదు. మొటిమల కోసం నెలల తరబడి వాడడం మాత్రం పాలిచ్చే రోజుల్లో వద్దు. స్క్రబ్ టైఫస్‌కు అజిత్రోమైసిన్ కూడా పనిచేస్తుంది కాబట్టి డాక్టర్ దాన్ని ఎంచుకోవచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి మొదటి ఎంపిక కాకపోయినా, వేరే దారి లేనప్పుడు కొద్ది రోజులు వాడవచ్చు.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. మూత్రం ఇన్ఫెక్షన్‌కు రాసే నైట్రోఫ్యూరాంటాయిన్ నెల లోపు బిడ్డ ఉన్నప్పుడు, జీ6పీడీ లోపం ఉన్నప్పుడు వద్దు. కోట్రైమోక్సజోల్‌కూ అంతే. కామెర్లు ఉన్న, నెలలు నిండని బిడ్డలకైతే దాని ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే దీనిలాంటి సల్ఫా మందులు కామెర్ల పదార్థాన్ని రక్తంలో విడుదల చేసి మెదడుకు హాని చేయగలవు. ఎరిత్రోమైసిన్‌ను పుట్టిన మొదటి వారాల్లో తప్పించడం మంచిది. క్లిండమైసిన్ వాడితే బిడ్డకు విరేచనాలు, మలంలో రక్తం వస్తున్నాయేమో చూసుకోవాలి. క్లోరాంఫెనికాల్ మాత్రలు, ఇంజెక్షన్లు పాలిచ్చేటప్పుడు వద్దే వద్దు.

క్షయ మందులు వాడే తల్లులు కూడా పాలివ్వాలి. వాటిలోని రిఫాంపిసిన్ వల్ల మూత్రం, ఒక్కోసారి పాలు కూడా నారింజ రంగులోకి తిరిగితే కంగారు పడకండి. బిడ్డకు క్షయ పరీక్ష, ముందుజాగ్రత్త మందు విషయం డాక్టర్‌తో మాట్లాడండి.

4. మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

వీలైతే బిడ్డ తాగిన వెంటనే, లేదా రాత్రి ఎక్కువసేపు నిద్రపోయే ముందు. చాలా మాత్రలు వేసుకున్నాక ఒకటి రెండు గంటల్లో రక్తంలో ఎక్కువగా ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. రెండు గంటలకోసారి ఏడ్చి తాగే పసికందు ఉంటే ఈ లెక్క కుదరదు, దాని కోసం బిడ్డను ఆకలితో ఉంచొద్దు. మాత్ర వేసుకున్నాక పాలు పిండి పారబోస్తే మందు త్వరగా పోతుందనుకోవడం కూడా సరికాదు. రక్తంలో మందు తగ్గేకొద్దీ పాలలో ఉన్నదీ తిరిగి రక్తంలోకి వెళ్లిపోతుంది.

జ్వరం తగ్గగానే కోర్సు మధ్యలో ఆపకండి. నొప్పికి పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ సరిపోతాయి. ట్రమడాల్, కొడీన్ ఉన్న మాత్రలు వద్దు.

రొమ్ములో గడ్డ కట్టి జ్వరం వస్తే

పాలు ఆపితే అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఈ జబ్బులోనే. రొమ్ము ఎర్రబడి, గట్టిపడి, వణుకుతో జ్వరం వస్తే "ఆ పక్క పాలు చెడిపోయాయి" అంటారు. అవి చెడిపోవు. కాస్త ఉప్పగా ఉండవచ్చు, అంతే. ఉన్నట్టుండి పాలు ఆపితే రొమ్ము ఇంకా బిగిసి చీము గడ్డగా మారవచ్చు. రెండు వైపులా మామూలుగా ఇస్తూ ఉండండి. చల్లటి గుడ్డ వేయండి. గట్టిగా పిసకడం, నలపడం చేయొద్దు. ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోయినా, జ్వరం ఎక్కువగా ఉన్నా డాక్టర్‌కు చూపించండి. చీము తీసినా సాధారణంగా పాలు ఇవ్వడం కొనసాగించవచ్చు.

5. బిడ్డను గమనించండి

మలం కాస్త పలచబడడం, పిర్రల దగ్గర ఎర్రబడడం, నాలుక మీద తుడిచినా పోని తెల్ల పూత కనిపించడం జరగవచ్చు. మొదటిది మందు ఆగాక సర్దుకుంటుంది. పూతకు మాత్రం డాక్టర్ చుక్కల మందు ఇస్తారు. అది మీ చనుమొనలకు కూడా అంటుకుంటే ఇద్దరికీ కలిపే వైద్యం చేయాలి. ఒంటి నిండా దద్దుర్లు, మలంలో రక్తం, ఆగని వాంతులు, పాలు పట్టకుండా మగతగా ఉండడం, మూత్రం బాగా తగ్గిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 ఫారెన్‌హీట్ జ్వరం ఉంటే అది మీ మందు వల్లనుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ మీరు వాడుతున్న యాంటీబయోటిక్ పేరు చెప్పండి, ఎందుకంటే బిడ్డ రక్తపరీక్షలో క్రిమిని కనిపెట్టేటప్పుడు ఆ వివరం అవసరపడవచ్చు.

6. నిజంగానే ఆపమంటే

"ఏ కారణం వల్ల? ఎన్ని గంటలు? దీనికి బదులు వేరే మందు లేదా?" అని అడగండి. పిల్లల డాక్టర్ మాట కూడా తీసుకోండి. ఆపక తప్పకపోతే బిడ్డ తాగే వేళల్లోనే చేత్తోగానీ పంపుతోగానీ పాలు పిండేయాలి, లేకపోతే పాలు తగ్గిపోతాయి, రొమ్ములు బిగుస్తాయి. ముందే తెలిస్తే మందు మొదలుపెట్టకముందు పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, నాలుగు రోజుల దాకా వాడవచ్చు. మన ఎండాకాలంలో వాటిని బయట ఉంచొద్దు. సీసా బదులు శుభ్రంగా కడిగి మరిగించిన ఉగ్గుగిన్నెతో పట్టండి. సీసాకు అలవాటు పడితే కొందరు పిల్లలు మళ్లీ రొమ్ము పట్టడానికి మొరాయిస్తారు. ఏడాది లోపు బిడ్డకు తల్లిపాలకు బదులుగా ఆవుపాలు, గేదెపాలు మొదలుపెట్టకండి. చెప్పిన గడువు అయిన వెంటనే బిడ్డను రొమ్ముకు పెట్టండి. ఈ మధ్యలో టీకా రోజు వస్తే మీరు మందు వాడుతున్నారని దాన్ని వాయిదా వేయనక్కర్లేదు.