దవాఖానలో చేతులు – మూడో పాఠం: గ్లవ్స్ విప్పడం

పోయిన పాఠంలో చేతులు కడగడం నేర్చుకున్నాం. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30. అది చదివి దేవరకొండ వైపు పనిచేసే ఒక ఏఎన్ఎం చెల్లె అడిగింది: "గ్లవ్స్ వేసుకున్నంక మళ్లా చేతులు కడుగుడు ఎందుకక్కా?" ఈ పాఠమంతా ఆమెకు జవాబే.

2020లో కరోనా వచ్చినప్పుడు కిట్టు, అంటే గ్లవ్స్, గౌను, కళ్లద్దాలు, మాస్కు, వేసుకోవడం అందరం తొందరగానే నేర్చుకున్నాం. విప్పడం మీద ధ్యాస పెట్టలేదు. ప్రమాదం ఉన్నది అక్కడే. డ్యూటీ అయిపోతుంది, మే నెల నల్లగొండ ఎండకు ఒళ్లంతా చెమట, ఎప్పుడు విప్పి పారేద్దామా అని ఉంటుంది. అలాంటప్పుడే ఒకసారి, గొంతు ఆరిపోయి నీళ్లు తాగుదామని, గ్లవ్స్‌తోనే మాస్కు కిందికి లాగాను. లాగాక గానీ తెలియలేదు. తర్వాత 14 రోజులు పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. అందుకే ఈ పాఠం దగ్గర ఇంత పట్టుబడుతున్నాను.

ఒక జత గ్లవ్స్, చెంచాడు పసుపు తీసుకోండి. గడువు దాటిన జత అయినా చాలు. పసుపును నీళ్లతోనే కలపండి, నూనె వద్దు. నూనె తగిలితే రబ్బరు పాడవుతుంది. గ్లవ్స్ తొడుక్కుని ఆ ముద్దను అరచేతులకూ వేళ్ల సందులకూ రుద్దుకోండి. రోగి దగ్గు తుంపర అదే అనుకోండి. ఇప్పుడు రోజూ విప్పే తీరులోనే విప్పి, వెలుతురులో చేతులు చూసుకోండి. మణికట్టు మీదనో, బొటనవేలి మొదట్లోనో పచ్చటి మరక ఉందా?

ఉంటే బాధపడకండి, ఇంకో జత తొడగండి. కుడిచేత్తో ఎడమ గ్లవ్‌ను మణికట్టు దగ్గర, బయటివైపు చిటికెడు పట్టుకోండి. చర్మానికి తగలొద్దు. వేళ్ల వైపు లాగితే దిండు గలీబు తిరగేసినట్టు లోపలిది బయటికి వస్తుంది. ఊడొచ్చినదాన్ని కుడి పిడికిట్లో ముద్దగా ఉంచుకోండి. ఇప్పుడు ఎడమచేయి వట్టిది కదా, దాని వేళ్లను కుడి గ్లవ్ అంచు కిందికి, చర్మానికీ రబ్బరుకూ మధ్యకు పోనివ్వండి. అట్లనే తిరగేస్తూ లాగండి. మొదటిది రెండోదాని కడుపులోకి పోతుంది, పసుపంతా లోపలే ఉంటుంది. మెల్లగా లాగండి. జోరుగా గుంజితే రబ్బరు టప్పుమని కొట్టి తుంపర ఎగురుతుంది. దవాఖానలో అయితే దీన్ని ఎర్ర సంచిలో వేయాలి. మాస్కు పసుపు రంగు సంచిలోకి.

ఇక చెల్లె అడిగినదానికి వద్దాం. గ్లవ్స్‌కు కంటికి ఆనని చిల్లులు ఉండొచ్చు. ఎంత జాగ్రత్తగా విప్పినా ఎక్కడో తగలొచ్చు. కాబట్టి విప్పగానే చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే. మరక కనిపిస్తే శానిటైజర్ సరిపోదు, సబ్బు, నీళ్లు కావాలి. ఇంకో మాట. అవే గ్లవ్స్‌తో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోవడం, ఓపీ రిజిస్టర్ రాయడం, తలుపు గడియ తీయడం నేను చాలా చోట్ల చూశాను. అట్ల చేస్తే గ్లవ్స్ మనల్ని కాపాడతాయేమో గానీ, పక్క మంచం మీది ముసలమ్మను కాపాడవు.

పూర్తి కిట్టు అయితే ముందు గ్లవ్స్, తర్వాత గౌను, తర్వాత కళ్లద్దాలు. ఒక్కొక్కటి తీశాక చేతులు శుభ్రం. మాస్కు మాత్రం ఆఖరున, రోగి గది బయటికి వచ్చాకే, ముందు భాగం ముట్టకుండా పట్టీలు పట్టుకుని తీయాలి. ఎన్95 అయితే కింది పట్టీ ముందు. దాని సంగతి నాలుగో పాఠంలో వివరంగా చెప్తాను.

ఈ వారం రోజుకోసారి పసుపుతో చేయండి. తోటి ఆశా అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని చేతులు చూడమనండి, మన మరక మనకంటే వాళ్లకే ముందు కనపడుతుంది. ఐదో రోజు, మీరు విప్పుతుండగా మీ ఫోన్‌కు రింగ్ ఇవ్వమని ఇంట్లోవాళ్లకు చెప్పి పెట్టండి. మోగనివ్వండి. మీ చేయి ఎటు పోతుందో చూసుకోండి.