తాతల నాటి హార్మోనియం మళ్లీ పలకాలంటే

విక్టోరియా రాణి కాలంలో (1837–1901) ఇళ్లల్లో పాటకు తోడుగా వెలసిన పెట్టె ఇది. విశాఖ ఉప్పుగాలికి స్ప్రింగులు తుప్పు పడతాయి, వానాకాలంలో మెట్లు (వేళ్లతో నొక్కే చెక్కపట్టీలు) ఉబ్బి ఇరుక్కుంటాయి. అలాగని ఎండలో పెట్టకండి, చెక్క బీటలు వారుతుంది.

ముందు స్టాపులన్నీ (గాలిదారులు తెరిచి మూసే పిడులు) మూసి తిత్తి కొట్టండి. గాలి ఇట్టే దిగిపోతే మడతల్లో చిల్లున్నట్టే. పలచని తోలుముక్క జిగురుతో అతికించండి. టేపు మడత దగ్గర ఊడొస్తుంది.

ఒక్క స్వరమే మూగబోతే చాలావరకు రీడు నాలుక (గాలికి అదిరి స్వరం పలికే సన్నని ఇత్తడి రేకు) కింద నలుసే. సన్నని బ్లేడుతో కొస కాస్త ఎత్తి, మెత్తని కుంచెతో దులపండి. నాలుక వంగిందా, శ్రుతి చెడినట్టే. కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, నాలుకను బిగించిన మేకు దగ్గర గీకితే తగ్గుతుంది. గీకేసిన ఇత్తడి తిరిగి రాదు, రెండు గీతలకోసారి వాయించి వినండి. నూనె మాత్రం చుక్క కూడా వద్దు, దుమ్మంతా అక్కడే చేరుతుంది.