అంచు తెగిన నాణెం: మింట్‌లో (నాణేలు ముద్రించే టంకశాలలో) జరిగిన పొరపాటా, తర్వాత ఎవరో కోశారా?

పాత ఐదు రూపాయల బరువైన తెల్ల నాణెం అంచు చంద్రవంకలా తెగి కనిపిస్తే, మింట్ పొరపాటు నాణెమని వెంటనే డబ్బు పెట్టేయకండి. ముందు ఆ కోతకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడండి. ముద్ర పడకముందే బిళ్లలో ముక్క తగ్గితే, గట్టు (అంచు చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే వలయం) లేపే యంత్రంలో ఆ ఎదురువైపు ఒత్తిడి సరిగా అందదు, అందుకే చాలావరకు అక్కడ గట్టు పలచగా, మసకగా ఉంటుంది. కోత పక్కన అక్షరాలు కూడా కాస్త సాగినట్టుంటాయి. అదే ఆకురాయితో అరగదీస్తే? అక్షరం టక్కున తెగిపోయి, భూతద్దంలో గీతలు దొరుకుతాయి. బరువు అసలు 9 గ్రాములు, కానీ అది రెండు రకాల్లోనూ తగ్గుతుంది, కాబట్టి తూకం ఒక్కటే రుజువు కాదు. ఇక బొమ్మ తిరగబడి లోపలికి దిగిన నాణేలతో మరీ జాగ్రత్త: అలాంటి నకిలీ చేయడానికి ఎవరైనా రెండు నాణేలు కలిపి బిగించి నొక్కితే, నలిగిన అసలు బొమ్మ జాడ కింద మిగిలిపోతుంది. అది కనబడితే ఎంత చవకగా ఇచ్చినా కొనొద్దు.