ఆప్తులను కోల్పోయిన వారికి తోడు నిలిచే వృత్తి: సామాజిక కార్యకర్తలకు సూచనలు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలకు కౌన్సెలింగ్ ఇవ్వడాన్ని వృత్తిగా ఎంచుకోదలచినవారు ముందుగా రెండేళ్ల ఎం.ఎస్.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) పూర్తి చేయాలి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఈ రెండు నగరాల మధ్యనే ఉంది. ఎక్కడ చదివినా, క్షేత్ర శిక్షణను క్యాన్సర్ లేదా అత్యవసర విభాగమున్న ఆసుపత్రిలో పొందడం మేలు.

అసలు పని నేర్చుకునేది మాత్రం ఇళ్లలోనే. పెద్దకర్మ ముగిసి, బంధువులు ఎవరి ఊళ్లకు వారు వెళ్లిపోయిన తరువాతే ఆ ఇంట నిశ్శబ్దం మొదలవుతుంది కనుక, నా దృష్టిలో మూడో వారపు పరామర్శే అన్నిటికంటే ముఖ్యమైనది. అప్పుడు వెళ్లి, పోయినవారిని పేరుతో ప్రస్తావించి, వినాలి. "ధైర్యంగా ఉండండమ్మా, అంతా విధి" అనే మాటలు ఏడుపును ఆపుతాయే గాని దుఃఖాన్ని తగ్గించవు. పిల్లలకు "నాన్న ఊరెళ్లారు" అని చెప్పనివ్వకూడదు. ఆ మాట నమ్మిన బిడ్డ వాకిలి వైపు చూస్తూనే ఉంటుంది.

భర్తను కోల్పోయిన స్త్రీకి ఆ రోజు ఓదార్పు కంటే మరణ ధ్రువీకరణ పత్రమే అవసరం కావచ్చు. మరణ సమాచారాన్ని 21 రోజుల్లోగా నమోదుకు ఇవ్వాలి. పింఛనుకైనా బ్యాంకు ఖాతాకైనా ఆ పత్రమే ఆధారం.

ఆరు నెలలు దాటినా రోజువారీ జీవితం సాగనివ్వనంత వేదన ఉంటే మనోవైద్యుని వద్దకు పంపాలి. ఆత్మహత్య మాట వినిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా, వారిని ఒంటరిగా వదలకుండా, వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ అయిన టెలి మానస్ 14416 నంబరును ఇంట్లోవారందరికీ రాసి ఇవ్వాలి.

మొదటి సంవత్సరీకం తేదీని డైరీలో గుర్తు పెట్టుకుని, ఆ వారంలో తప్పక ఫోన్ చేయండి.