వైజాగ్ వాళ్ళకి జురాసిక్ అమ్మోనైట్లు: ఎక్కడ వెతకాలి, ఎలా ఏరాలి, ఇంటికి తెచ్చాక ఏం చెయ్యాలి

మొన్న ఆదివారం ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఒక ఇంటర్ కుర్రాడు నా మెడలో లెన్స్ చూసి దగ్గరకొచ్చి "అన్నా, ఇక్కడ అమ్మోనైట్లు దొరుకుతాయా" అని అడిగాడు. అమ్మోనైట్ అంటే చుట్టలు తిరిగిన గుల్ల ఉండే, ఎప్పుడో అంతరించిపోయిన సముద్రజీవి, ఇప్పుడు రాళ్ళలో శిలాజంగానే దొరుకుతుంది. కైలాసగిరి మీద దొరుకుతాయా, డాల్ఫిన్ నోస్ కింద రాళ్ళలో ఉంటాయా అని ఇంతకుముందు కూడా చాలామంది అడిగారు. దొరకవండి. ఎందుకు దొరకవో అర్థమైతే ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోయినట్టే, అందుకే అక్కణ్ణుంచే మొదలెడతా.

మన కొండలన్నీ ఖోండలైటు, చార్నొకైటు. భూమి లోపల బాగా లోతున వేడికీ ఒత్తిడికీ ఉడికి మారిపోయిన రాళ్ళు, వాటి వయసు దాదాపు వంద కోట్ల ఏళ్ళ లెక్కలో ఉంటుంది, అప్పటికి గుల్ల కట్టుకునే జంతువే ఇంకా పుట్టలేదు. ఎర్రమట్టి దిబ్బలేమో భూగర్భశాస్త్రం లెక్కలో నిన్నా మొన్నటివి, అమ్మోనైట్లు అంతరించిపోయిందే 6.6 కోట్ల ఏళ్ళ కింద. ఈ రెండిటికీ మధ్యలో ఉంది జురాసిక్ కాలం, సుమారు 20 కోట్ల ఏళ్ళ నుంచి 14.5 కోట్ల ఏళ్ళ కింద దాకా, ఆ టైమంతా మన వైజాగ్‌కి సముద్రమే లేదు. బంగాళాఖాతం ఇంకా తెరుచుకోలేదు, మన తూర్పు కనుమలకి అటువైపు అంటార్కిటికా అతుక్కుని ఉంది. నేను ఆర్కే బీచ్‌లో కూర్చున్నప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది, ఎదురుగా ఇన్ని నీళ్ళు కనిపిస్తున్నచోట ఒకప్పుడు ఎడతెగని నేల ఉండేదంటే నమ్మబుద్ధి కాదు.

జురాసిక్ రాయి దొరికితే చాలు అనుకోవడం కూడా తప్పే. పాత ఆదిలాబాద్ జిల్లా ప్రాణహిత వైపు కోట ఫార్మేషన్ అని ఒక రాతి పొరల వరుస ఉంది, అది జురాసిక్‌దే, హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ అక్కణ్ణుంచి వచ్చిందే. కానీ అది నదులూ చెరువుల అడుగున పేరుకున్న రాయి, మంచినీళ్ళది. అమ్మోనైట్ పక్కా ఉప్పునీళ్ళ జీవి, ఈరోజు ఉన్న స్క్విడ్‌కీ ఆక్టోపస్‌కీ దూరపు చుట్టం. కాబట్టి మనకి కావాల్సింది జురాసిక్ టైంలో సముద్రం అడుగున పేరుకున్న రాయి, ఇండియాలో అది చేతికందేంత దగ్గరగా, ఎండలో బయటపడి కనిపించేది గుజరాత్‌లో కచ్ దగ్గర. అప్పట్లో ఆఫ్రికాకీ మనకీ మధ్య నేల సాగి కుంగిపోయి అటునుంచి సముద్రం లోపలికొచ్చింది. రెండో చోటు హిమాచల్‌లో స్పితి, అక్కడ నల్లటి షేల్ రాయిలో (బురద గట్టిపడి అయిన రాయి) గుండ్రటి ముద్దల లోపల ఉంటాయి.

స్పితి రాయి గురించి ఒక్క మాట. మా అమ్మ దేవుడి గదిలో ఒక సాలగ్రామం ఉంది, తాతగారి కాలంనాటిది, రోజూ అభిషేకం చేస్తుంది. నేపాల్‌లో గండకి నదిలో దొరికే ఆ చక్రం ఉన్న సాలగ్రామాలు అదే స్పితి షేల్ తరహా నల్లరాయిలో ఉండిపోయిన అమ్మోనైట్లే, లేదా వాటి అచ్చులు. ఈ సంగతి చెప్తే అమ్మకి కోపం వస్తుందేమో అనుకున్నా, ఆవిడ మాత్రం "అంటే స్వామి అన్ని కోట్ల ఏళ్ళ నుంచి ఆ రాయిలో ఉన్నాడన్నమాట" అని దండం పెట్టుకుంది. మీ ఇంట్లో కూడా ఉంటే, పెద్దవాళ్ళు ఒప్పుకుంటే, ఒకసారి చక్రం వైపు లెన్స్ పెట్టి చూడండి, పక్కటెముకల్లాంటి గీతలు కనిపిస్తాయి. మీ మొదటి పాఠం అదే.

ఇక ప్రయాణం. మనకి విశాఖపట్నం నుంచి గాంధీధామ్‌కి వారానికోసారి డైరెక్ట్ ట్రైన్ ఉంది, అక్కణ్ణుంచి భుజ్ దాదాపు 60 కిలోమీటర్లు. వెళ్తే నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి లోపలే వెళ్ళండి, మార్చి దాటితే ఆ మోడు కొండల మీద నీడ అన్నది ఉండదు. భుజ్ చుట్టుపక్కల హబో, ఝురా, కీరా, జుమారా, జారా అని గుండ్రటి డోమ్ కొండలు ఉంటాయి, మధ్యలో నేల పైకి ఉబ్బి, తర్వాత పైపొరలు అరిగిపోయి, పాత పొరలు నడిమధ్యా కొత్త పొరలు అంచుల్లోనూ తేలాయి, ఉల్లిపాయని పైనుంచి చెక్కితే రింగులు కనిపించినట్టు. ఈ రాళ్ళని 1870లలోనే పచ్చం, చారి, కట్రోల్, ఉమియా అని నాలుగు భాగాలు చేశారు, వాగెన్ అనే ఆయన 1873 నుంచి 1875 మధ్యలో ఇక్కడి అమ్మోనైట్ల మీద పెద్ద గ్రంథమే రాశారు. మనలాంటివాళ్ళకి చారి భాగం ముఖ్యం, అందులో పైన ఉండే ధోసా ఊలైట్ అనే పొర ఇంకా ముఖ్యం. గోధుమరంగు తుప్పురంగు కలిసినట్టుంటుంది, లెన్స్‌లో చూస్తే చేప జన లాగా సన్న గింజలు గింజలుగా కనిపిస్తుంది, అమ్మోనైట్లు ఈ పొరలో బాగా ఉంటాయి.

వెళ్ళే ముందే పర్మిషన్ సంగతి తేల్చుకోండి, ఇది నేను గట్టిగా చెప్తా. భుజ్‌లో కచ్ యూనివర్సిటీ ఉంది, అక్కడి జియాలజీ వాళ్ళని ఏ చోటికి వెళ్ళొచ్చు, ఏ చోట రాయి ముట్టుకోకూడదు అని ముందే అడగండి, మన ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా తెలిసుంటే వాళ్ళ చేత మెయిల్ పెట్టిస్తే ఇంకా మంచిది. ఉత్తరం వైపు బోర్డర్ ఏరియా, అక్కడికి వేరే పర్మిట్లు కావాలి. పొలం అయితే పొలం ఆయన్ని అడగాలి. రక్షిత స్థలం అయితే కెమెరా తప్ప ఏదీ బయటికి తియ్యొద్దు, మన ఎర్రమట్టి దిబ్బల నుంచి ఎవరైనా బస్తాలకెత్తుకుని పోతే మనకెలా ఉంటుందో ఆలోచించండి. స్పితిలో పిల్లలు అమ్ముతుంటారు, కొనొద్దు, కొనేవాళ్ళు ఉన్నారని తెలిస్తే కొండల్ని తవ్వేస్తారు. ఇక ఎక్కడైనా సరే నా రూల్ ఒకటే, రాలిపోయి నేలమీద పడి ఉన్నవి మాత్రమే తీస్తా, పొరలో బిగుసుకుని ఉన్నదాన్ని ఫోటో తీసి వదిలేస్తా. ఎముకలాంటిది కనిపిస్తే అసలు కదపను, ఫోటో, లొకేషన్ యూనివర్సిటీ వాళ్ళకి పంపిస్తా.

సామాన్లు పెద్దగా ఏం అక్కర్లేదు. 10 రెట్ల లెన్స్ ఒకటి, పాత న్యూస్ పేపర్లు, జిప్ కవర్లు, చెరగని మార్కర్, చిన్న నోట్‌బుక్కు, పాత టూత్ బ్రష్, టోపీ, మనిషికి కనీసం 4 లీటర్ల నీళ్ళు. పడి ఉన్న ముద్ద రాయిని చీల్చాల్సి వస్తే జియాలజీ సుత్తి కావాలి, మామూలు వడ్రంగి సుత్తితో ఉలిని కొడితే స్టీలు ముక్క ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది. గ్రైండింగ్ పనివాళ్ళు పెట్టుకునే కళ్ళద్దాలు పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లో తక్కువకే వస్తాయి, అవి లేకుండా సుత్తి ఎత్తొద్దు.

వెతకడం అంటే నడవడం కన్నా ఆగడం ఎక్కువ. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్ళండి, ఎండ ఏటవాలుగా పడినప్పుడు గీతల నీడలు లేస్తాయి, నడినెత్తి ఎండలో అన్నీ చదునుగా కనిపిస్తాయి. కొండ వాలు కింద వాన నీళ్ళు కోసిన చిన్న చిన్న గాడుల్లో చూడండి, పైనుంచి రాలినవన్నీ అక్కడ ఆగుతాయి. గుండ్రం కోసం వెతక్కండి, రిపీట్ అయ్యే గీతల కోసం వెతకండి, ఎందుకంటే చాలావరకు ముక్కలే దొరుకుతాయి. నత్త అయితే చుట్టు తిరుగుతూ పైకి గోపురంలా లేస్తుంది, అమ్మోనైట్ ఒకే బల్లపరుపులో తాడు చుట్టినట్టు చుట్టుకుంటుంది. పైగుల్ల ఊడిపోయిన చోట ఆకు అంచుల్లా, ముగ్గులా మెలికలు తిరిగిన సన్న గీతలు కనిపిస్తాయి, లోపలి గదుల గోడలు గుల్లకి అతుక్కున్న చోట్లు అవి, సూచర్ గీతలు అంటారు. అవి కనిపించాయంటే ఇక డౌట్ అక్కర్లేదు. ఇప్పటికీ సముద్రంలో బతికున్న, ఇలాగే చుట్టు గుల్ల ఉండే నాటిలస్‌కి ఈ గీతలు ఇంత మెలికలు ఉండవు, సాదాగా వంపు తిరుగుతాయంతే. కచ్‌లో బంతిలా ఉబ్బి సన్న గీతలు ఉంటే మాక్రోసెఫలైటిస్ అనే రకం అయ్యే అవకాశం ఎక్కువ, పళ్ళెంలా చదునుగా ఉండి ఒక్కో గీత బయటి అంచుకొచ్చేసరికి రెండుగా చీలితే పెరిస్ఫింక్టిస్ కుటుంబం వైపు చూడండి. ఒకే జాతిలో పెద్ద సైజువీ చిన్న సైజువీ ఉంటాయి, పెద్దవి ఆడవి, చిన్నవి మగవి అని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం, కాబట్టి చిన్నదాన్ని పిల్లకాయ అనుకుని వదిలెయ్యొద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది. నా మొదటి ట్రిప్పులో రెండు కొండలు తిరిగి 11 ముక్కలు ఏరుకుని ఆనందంలో అన్నీ ఒకే సంచిలో వేసేశా, రాత్రి లాడ్జిలో కూర్చుని రాద్దాంలే అనుకున్నా. రాత్రికి ఏది ఏ కొండదో గుర్తులేదు. ఇప్పటికీ ఆ పదకొండూ నా బీరువాలో ఉన్నాయి, చూడ్డానికి బావుంటాయి, కానీ ఏ పొరలోదో తెలీని ముక్క గురించి ఎవర్ని అడిగినా ఏమీ చెప్పలేరు, ఎందుకంటే అమ్మోనైట్లు చాలా త్వరత్వరగా మారిపోయిన జీవులు, అవి ఉన్న పొరని బట్టే రాయి వయసు లెక్కకడతారు, ఆ పొర పేరు పోతే అసలు సంగతే పోయినట్టు. అందుకని తీసే ముందే, నేలమీద ఉండగానే, పక్కన స్కేలో పెన్నో పెట్టి ఫోటో తియ్యండి, ఫోన్‌లో లొకేషన్ నోట్ చెయ్యండి, నంబర్ వెయ్యండి, తేదీ, కొండ పేరు, కొండ ఎక్కుతుంటే కిందనా మధ్యనా పైనా, చుట్టూ రాయి రంగేంటి, పక్కన ఇంకేం గుల్లలున్నాయి, ఇవన్నీ అక్కడే నిలబడి రాయండి. ఒక ముక్కకి ఒక కవర్, కవర్ లోపల ఒక చీటీ, కవర్ మీద అదే నంబర్. రెండు నిమిషాల పని.

ఇంటికొచ్చాక మంచినీళ్ళలో నానబెట్టి బ్రష్‌తో మెల్లగా రుద్దండి, కచ్ నేలలో ఉప్పు ఎక్కువ కాబట్టి నాలుగైదు సార్లు నీళ్ళు మార్చండి. మొండి మట్టిని గుండు సూదితో గీకొచ్చు. వెనిగర్, నిమ్మరసం, బాత్‌రూమ్ యాసిడ్ దగ్గరికే రానీయొద్దు, గుల్లా చుట్టూ ఉన్న రాయీ రెండూ సున్నం పదార్థమే, మీ కళ్ళముందే పొంగి కరిగిపోతాయి. వార్నిష్ కూడా వద్దు, మెరుపు కోసం వేస్తే గీతలన్నీ పూడుకుపోతాయి. నంబర్ కోసం వెనకవైపు చిన్న తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెట్టి, ఆరాక దానిమీద సన్న పెన్నుతో రాయండి.

ఇక మన వైజాగ్ గాలి. కచ్ ముక్కలు దీన్ని తట్టుకుంటాయి, పాడయ్యేది చీటీలే, ఇంకు అలుక్కుపోతుంది, పురుగులు కాగితం తినేస్తాయి, అందుకే పెన్సిల్‌తో రాసి చిన్న జిప్ కవర్లో పెడతా, మొత్తం లిస్టు ఫోన్‌లో ఇంకో కాపీ. కానీ ఇంగ్లండ్‌లో ఉన్న చుట్టాలు ఎవరైనా చార్‌మత్ బీచ్‌లో ఏరిన బంగారు రంగు బుల్లి అమ్మోనైట్లు తెచ్చిస్తే మాత్రం చాలా జాగ్రత్తండి. అవి పైరైట్, అంటే ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. గాలిలో తేమ 60 శాతం దాటితే అవి కుళ్ళడం మొదలవుతుంది, మన ఊళ్ళో ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకన్నా ఎక్కువే. తెల్ల పొడి రాలుతుంది, గంధకం వాసన వస్తుంది, లోపల సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారై కింద పెట్టిన చీటీని, అట్టపెట్టెని కూడా తినేస్తుంది. మా చెల్లి తెచ్చిన ఆరింట్లో రెండు ఒక్క వానాకాలంలోనే పొడైపోయాయి. మిగిలిన నాలుగింటినీ రబ్బరు మూత ఉన్న గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో పెట్టా, రంగు మారే రకం జెల్ కొంటే ఎప్పుడు ఆరబెట్టాలో అదే చెప్తుంది. జూన్ నుంచి డిసెంబర్ దాకా నెలకోసారి డబ్బా తెరవకుండా బయట్నుంచే చూస్తా, తెల్ల పొడి కనిపిస్తే ఆ ఒక్కదాన్నీ వెంటనే వేరే డబ్బాలోకి మారుస్తా.