సొంత డొమైన్, సొంత హోస్టింగ్‌తో బ్లాగు: మొదటిసారి పెట్టుకునేవారికి

బ్లాగు పెట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఏదో ఒక సంస్థ నడిపే వేదికలో ఖాతా తెరిచి రాసుకోవడం మొదటిది. డొమైన్ పేరును, అంటే బ్లాగుకు వెబ్ చిరునామాగా ఉండే పేరును, మనమే నమోదు చేసుకుని, సర్వర్‌లో చోటు అద్దెకు తీసుకుని (దీన్నే హోస్టింగ్ అంటారు), బ్లాగును నడిపే సాఫ్ట్‌వేర్‌ను అందులో మనమే పెట్టుకోవడం రెండోది. మొదటి దారిలో శ్రమ దాదాపు ఉండదు. అయితే ఆ సంస్థ నియమాలు మార్చినా, ఖాతా మూసేసినా, వేదికనే ఎత్తేసినా మనం చేయగలిగింది పెద్దగా ఉండదు. రెండో దారిలో శ్రమా ఉంది, ఏటా కొంత ఖర్చూ ఉంది. వాటికి ప్రతిఫలంగా దక్కేది, నచ్చనప్పుడు మూటాముల్లె సర్దుకుని మరో చోటికి వెళ్లగలిగే వీలు. ఆ వీలు లేకపోతే సొంతంగా నడుపుకోవడంలో చాకిరీ తప్ప ఏమీ మిగలదు కాబట్టి, కింద చెప్పే ప్రతి సలహానూ ఆ లెక్కలోనే చూడవలసిందిగా మనవి.

సాఫ్ట్‌వేర్ విషయంలో కొత్తవారు ఎక్కువగా ఆలోచించనక్కరలేదు. బీ2 అనే పాత బ్లాగు ప్రోగ్రాం నుంచి మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003లో రూపొందించిన వర్డ్‌ప్రెస్ ఉచితం, దాని మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, ఏ చిక్కు వచ్చినా అంతకుముందే ఎవరో ఒకరు దాన్ని ఎదుర్కొని పరిష్కారం రాసి ఉంటారు. ఘోస్ట్, హ్యూగో వంటివి తేలికైనవే, కొన్ని పనులకు మెరుగైనవి కూడా; కానీ వాటిని సొంతంగా పెట్టుకోవాలంటే కమాండ్ లైన్‌తో, అంటే ఆదేశాలు టైపు చేసి పని చేయించే పద్ధతితో, కొంత పరిచయం కావాలి. ఒక్క తికమకను మాత్రం ముందే తీర్చుకోవాలి: వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అన్నది ఖాతా తెరిచి వాడుకునే సేవ, మనం దించుకుని మన సర్వర్‌లో పెట్టుకునే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతుంది. ఈ వ్యాసమంతా రెండోదాని గురించే.

డొమైన్ పేరు

మొత్తం వ్యవహారంలో నిజంగా మార్చుకోలేనిది డొమైన్ పేరు ఒక్కటే. హోస్టింగ్ మార్చవచ్చు, సాఫ్ట్‌వేర్ మార్చవచ్చు, రూపురేఖలు వందసార్లు మార్చవచ్చు. కానీ ఇతరులు మీ వ్యాసాలకు ఇచ్చిన లంకెలన్నీ ఆ పేరుతోనే ముడిపడి ఉంటాయి. అందుకని ఫోనులో ఒకసారి చెబితే అవతలివారు తప్పులేకుండా టైపు చేయగలిగే పేరు ఎంచుకోండి. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు దీర్ఘాలకు, ఒత్తులకు తలా ఒక పద్ధతి పాటిస్తారు గనుక, రెండు మూడు రకాలుగా రాయగలిగే పేరుకు దూరంగా ఉండడం మంచిది.

డొమైన్లను రిజిస్ట్రార్లనే సంస్థలు నమోదు చేస్తాయి. డాట్ కామ్ వంటి సాధారణ డొమైన్లను ఒక సంవత్సరం నుంచి పది సంవత్సరాల వరకు ఒకేసారి తీసుకోవచ్చు. హోస్టింగ్ కొంటే డొమైన్ ఉచితమని చెప్పే పథకాలు చాలా కనిపిస్తాయి. అవి మోసం కావు గానీ, పేరూ చోటూ ఒకే సంస్థ చేతిలో ఉంటే, ఆ సంస్థతో పేచీ వచ్చిన రోజున రెండూ ఒకేసారి చిక్కుకుపోతాయి. నా మాట వింటే, డొమైన్‌ను ఒక చోట, హోస్టింగ్‌ను వేరొక చోట తీసుకోండి. బ్లాగు పెట్టి ఇచ్చే మిత్రుడో సాంకేతిక నిపుణుడో తన ఖాతాలో తన పేరుతో డొమైన్ తీసుకుంటానంటే సున్నితంగానే అయినా తప్పకుండా వద్దనండి. రికార్డుల్లో ఎవరి పేరుంటే డొమైన్ వారిదే.

నమోదయ్యాక చేయవలసిన పనులు చిన్నవే అయినా మరిచిపోతే ఖరీదైనవి. మీరిచ్చిన ఈమెయిల్ చిరునామా సరైనదేనని ధ్రువీకరించమంటూ రిజిస్ట్రార్ ఒక మెయిల్ పంపుతుంది. 15 రోజుల్లోగా అందులోని లంకెను నొక్కకపోతే డొమైన్ పనిచేయడం ఆగిపోవచ్చు. మొదటి రెండు వారాలు చక్కగా నడిచిన బ్లాగు ఉన్నట్టుండి మాయమైతే మొదట చూడవలసింది ఇదే. ఆ ఖాతాలో ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్‌పై ఉన్నది కాకూడదు, ఎందుకంటే గడువు తీరి డొమైన్ ఆగిన క్షణం నుంచి ఆ మెయిల్ కూడా రాదు, పునరుద్ధరించుకోమని వచ్చే హెచ్చరికలు కూడా మీకు చేరవు. ఆటోమేటిక్ రెన్యువల్‌ను ఆన్ చేసి, ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి.

హోస్టింగ్, డీఎన్ఎస్

మొదటి బ్లాగుకు షేర్డ్ హోస్టింగ్ చాలు. ఒకే సర్వర్‌ను అనేకమంది ఖాతాదారులు పంచుకునే ఈ ఏర్పాటులో సర్వర్ బాగోగులు హోస్టింగ్ సంస్థే చూసుకుంటుంది. మీకు సీప్యానెల్ వంటి ఒక నియంత్రణ పేజీ ఇస్తారు. వీపీఎస్ అనే ప్రత్యేక వర్చువల్ సర్వర్‌లో స్వేచ్ఛ ఎక్కువ. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, ఫైర్‌వాల్, మెయిల్ అన్నీ మీ నెత్తినే పడతాయి. లినక్స్ నేర్చుకోవాలన్న కోరిక ఉంటే తప్ప మొదటి ఏడాది దాని జోలికి పోనవసరం లేదు.

సంస్థను ఎంచుకునేటప్పుడు "అపరిమిత" స్థలం, "అపరిమిత" ట్రాఫిక్ అన్న ప్రకటనలను పట్టించుకోకండి; ఆ మాటకు హద్దులన్నీ షరతుల పేజీలో ఉంటాయి. అడగవలసినవి వేరు. పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్‌ను రాసిన భాష) 8 శ్రేణి ఉందా, మైఎస్‌క్యూఎల్ గాని మరియాడీబీ గాని (వ్యాసాలు దాచే డేటాబేస్ ప్రోగ్రాములు) ఇస్తారా, బ్లాగు సురక్షితంగా తెరుచుకోవడానికి కావలసిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా వస్తుందా, ఫైళ్లనూ డేటాబేస్‌నూ నేనే పూర్తిగా దించుకోగలనా, మొదటి ఏడాది రాయితీ పోయాక రెండో ఏడాది ఎంత కట్టాలి? ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే వేరే సంస్థను చూసుకోండి.

ఇక డొమైన్‌ను సర్వర్‌తో కలపాలి. ఏ పేరు ఏ సర్వర్‌కు దారితీస్తుందో చెప్పే వ్యవస్థ డీఎన్ఎస్, ఆ వివరాలను రికార్డులుగా ఉంచేవి నేమ్‌సర్వర్లు. అందుకు రెండు పద్ధతులున్నాయి: నేమ్‌సర్వర్లను హోస్టింగ్ సంస్థవిగా మార్చడం, లేదా నేమ్‌సర్వర్లను రిజిస్ట్రార్ దగ్గరే ఉంచి, "ఏ" (A) అనే రికార్డులో సర్వర్ ఐపీ చిరునామాను, అంటే దాని అంకెల చిరునామాను, రాయడం. మొదటిది సులువు. రెండోది చేస్తే డీఎన్ఎస్ పగ్గాలు మీ చేతిలోనే ఉంటాయి, హోస్టింగ్ మారిన రోజున ఒక్క వరుస మారిస్తే పని అయిపోతుంది. నేను దీన్నే సిఫారసు చేస్తాను. ముందు ఏమీ లేని పేరుకు ఒక "ఏ" రికార్డు, ముందు మూడు డబ్ల్యూలు ఉన్న రూపానికి ఒక సీనేమ్ రికార్డు (ఒక పేరును మరో పేరుకు మళ్లించేది) పెడితే సరిపోతుంది. మార్పు కొందరికి వెంటనే, కొందరికి కొన్ని గంటల తరువాత కనిపిస్తుంది; ఈలోగా కంగారుపడి అవే రికార్డులను మళ్లీ మళ్లీ మార్చితే ఎక్కడ తప్పు జరిగిందో మీకే తెలియకుండా పోతుంది.

డొమైన్ సర్వర్‌కు చేరుతోందని రూఢి అయ్యాకే సర్టిఫికెట్ తీసుకోవాలి, ఎందుకంటే ఆ పేరు మీ సర్వర్‌కే దారితీస్తోందో లేదో సర్టిఫికెట్ ఇచ్చేవారు సరిచూస్తారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ల గడువు తక్కువ కావడం వల్ల, దానంతటదే పొడిగించుకునే ఏర్పాటు ఉందో లేదో నియంత్రణ పేజీలో చూసుకోండి.

వర్డ్‌ప్రెస్‌ను పెట్టడం

దాదాపు ప్రతి హోస్టింగ్‌లోనూ ఒక్క నొక్కుతో వర్డ్‌ప్రెస్‌ను పెట్టే సౌకర్యం ఉంటుంది, దాన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు. అయినా చేత్తో చేస్తే ఏం జరుగుతుందో తెలిసి ఉండడం తరువాత ఎంతో అక్కరకొస్తుంది. ముందు ఒక ఖాళీ డేటాబేస్, దానికొక యూజర్, పాస్‌వర్డ్ సృష్టిస్తారు. ఆ యూజర్‌కు ఆ డేటాబేస్‌పై అన్ని హక్కులూ ఇస్తారు. వర్డ్‌ప్రెస్ ఫైళ్లను సర్వర్‌లోని ప్రధాన ఫోల్డర్‌లోకి ఎక్కిస్తారు. బ్రౌజర్‌లో మీ చిరునామా తెరిస్తే అది డేటాబేస్ వివరాలడిగి, వాటిని డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అనే ఫైలులో రాసుకుంటుంది. మీరు రాసే వ్యాసాలు డేటాబేస్‌లోనూ, ఎక్కించే బొమ్మలూ, రూపురేఖలను నిర్ణయించే థీమ్‌లూ, అదనపు సౌకర్యాలు చేర్చే ప్లగిన్లూ డబ్ల్యూపీ-కంటెంట్ అనే ఫోల్డర్‌లోనూ ఉంటాయి. ఎప్పుడైనా తెర మీద డేటాబేస్ దొరకడం లేదన్న సందేశం తప్ప మరేమీ కనిపించకపోతే, వ్యాసాలు పోయాయని గుండెలు బాదుకోకుండా ముందు ఆ కాన్ఫిగ్ ఫైలులోని నాలుగు వివరాలను సరిచూడండి.

యూజర్ పేరుగా "అడ్మిన్" అన్నదాన్ని పెట్టకండి. పాస్‌వర్డ్‌లను ఊహిస్తూ తిరిగే ప్రోగ్రాములు మొదట ప్రయత్నించేది ఆ పేరునే. లోపలికి వెళ్లగానే నమూనాగా ఉన్న వ్యాసాన్నీ పేజీనీ తీసేసి, టైమ్ జోన్ సరిచేసుకోండి. అది సరిగా లేకపోతే ఫలానా సమయానికి రావాలని పెట్టిన వ్యాసం మరో వేళకు ప్రచురితమవుతుంది. రీడింగ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజన్లు చూడవద్దని చెప్పే గడి ఒకటుంది. అన్నీ సిద్ధమయ్యేదాకా దానికి టిక్ పెట్టుకోవడం మంచిదే గానీ, బ్లాగు మొదలైన రోజున ఆ టిక్ తీసేయడం మరిచిపోతే ఎంత బాగా రాసినా వెతుకులాటలో మీరు దొరకరు.

పర్మాలింక్స్ (వ్యాసాల శాశ్వత చిరునామాలు) దగ్గర తెలుగులో రాసేవారు కాసేపు ఆగాలి. వ్యాసం శీర్షిక నుంచే దాని చిరునామా తయారయ్యే పద్ధతిని ఎంచుకోవడం సబబు. కానీ శీర్షిక తెలుగులో ఉంటే ఆ చిరునామాను కంప్యూటర్ లోపల వేరే రూపంలోకి మార్చుకుంటుంది: ఒక్కొక్క తెలుగు సంకేతానికి యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు, ఒక్కొక్క బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు, అంటే మొత్తం తొమ్మిది. "తెలుగు" అన్న మాట చూడడానికి మూడక్షరాలే అయినా, గుణింతపు గుర్తులు కూడా విడివిడి సంకేతాలే కాబట్టి లోపల ఆరు సంకేతాలు, చిరునామాలో 54 అక్షరాలు అవుతుంది. వర్డ్‌ప్రెస్ ఈ భాగానికి ఇచ్చే చోటు 200 అక్షరాలు. కాబట్టి ఇరవై రెండు సంకేతాలు దాటిన శీర్షిక మధ్యలోనే తెగిపోతుంది, ఆ లంకెను మెసేజ్‌లో పంపితే శాతం గుర్తుల చాంతాడు కనిపిస్తుంది. ప్రచురించే ముందు స్లగ్ (చిరునామాలోని ఈ భాగం) అన్న చోట రెండు మూడు చిన్న మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే ఈ బాధ ఉండదు. ప్రచురించాక మార్చకండి.

థీమ్ కోసం రోజుల తరబడి వెతకడం అన్నది కొత్త బ్లాగర్లందరికీ పట్టే జాడ్యం. వర్డ్‌ప్రెస్‌తో వచ్చే థీమ్‌తోనే మొదలుపెట్టి, పది వ్యాసాలయ్యాక మార్చుకోవచ్చు. అమ్మే థీమ్‌ను ఉచితంగా ఇస్తామనే చోట్ల నుంచి మాత్రం దించుకోకండి, వాటిలో చాలావాటికి ఎవరో దొంగకోడ్ చేర్చి ఉంటారు. తెలుగు చదువుకోవడానికి హాయిగా ఉండాలంటే సరిచూసుకోవలసింది వరుసల మధ్య దూరం. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని చేసిన థీమ్‌లలో అది అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లో, అంతకన్నా తక్కువో ఉంటుంది. "రాష్ట్రం" వంటి మాటలో కిందికి దిగే ఒత్తులు కింది వరుసలోని గుడులను తాకుతాయి. 1.7 లేదా 1.8 రెట్లు పెడితే పేజీ ఊపిరి పీల్చుకుంటుంది. ఫాంటు విషయానికొస్తే నోటో సాన్స్ తెలుగు వంటిదాంట్లో బోల్డ్ విడిగా ఉంటుంది; మండలి ఫాంటు అందమైనదే గాని దానికి విడిగా బోల్డ్ లేనందున బ్రౌజరే అక్షరాన్ని లావు చేసి అలుకుతుంది.

ప్లగిన్లు ఎంత తక్కువైతే అంత మేలు. చెత్త వ్యాఖ్యలను ఆపేది ఒకటి, బ్యాకప్‌కు ఒకటి, రెండంచెల లాగిన్‌కు ఒకటి ఉంటే మొదటి ఏడాది గడుస్తుంది. వాటినీ, వర్డ్‌ప్రెస్‌నూ వాయిదా వేయకుండా అప్‌డేట్ చేస్తూ ఉండండి, వాడని వాటిని ఆపి ఊరుకోకుండా తొలగించండి.

బ్యాకప్, ఇల్లు మారడం

హోస్టింగ్ సంస్థ రోజూ బ్యాకప్ తీస్తుందన్న మాటపై భరోసా పెట్టుకోవద్దు. మీ ఖాతాయే ఆగిపోతే అందులోని బ్యాకప్ కూడా మీకు అందదు. వారానికొకసారి డేటాబేస్ ఎగుమతి, డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్, కాన్ఫిగ్ ఫైలు, ఈ మూడూ మీ కంప్యూటర్‌లోకో వేరే క్లౌడ్ నిల్వలోకో చేరేలా ఏర్పాటు చేయండి. టూల్స్ కింద కనిపించే ఎక్స్‌పోర్ట్ అనే సౌకర్యాన్ని పూర్తి బ్యాకప్ అనుకునేవారున్నారు. అది ఇచ్చే ఫైలులో వ్యాసాలూ వ్యాఖ్యలూ ఉంటాయి గానీ బొమ్మలకు లంకెలు మాత్రమే ఉంటాయి, పాత సర్వర్ పోతే బొమ్మలూ పోతాయి.

బ్యాకప్‌ను ఒక్కసారైనా తిరిగి నిలబెట్టి చూడాలి. మీ కంప్యూటర్‌లో గాని, ఒక సబ్‌డొమైన్‌లో (మీ డొమైన్ ముందు మరో మాట చేర్చిన చిరునామాలో) గాని వేరే వర్డ్‌ప్రెస్ పెట్టి, అందులోకి ఈ ఫైళ్లను ఎక్కించండి. అక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది: మీ బ్లాగు చిరునామా డేటాబేస్‌లో వందలచోట్ల రాసి ఉంటుంది కాబట్టి కొత్త చిరునామాకు మార్చాలి. ఎగుమతి చేసిన ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి మాటకు మాట మార్చేస్తే కొన్ని సెట్టింగులు చెడిపోతాయి, ఎందుకంటే వాటిలో ఆ మాట పొడవు కూడా అంకెగా నమోదై ఉంటుంది. ఆ పనికని ప్రత్యేకంగా ఉన్న ప్లగిన్‌ను వాడండి.

ఒకసారి ఇది చేయగలిగితే హోస్టింగ్ మారడం అంత కష్టమనిపించదు. మారడానికి ఒక రోజు ముందు "ఏ" రికార్డు టీటీఎల్‌ను, అంటే ఇతర కంప్యూటర్లు ఆ రికార్డును గుర్తుంచుకునే వ్యవధిని, 300 సెకన్లకు తగ్గించండి. కొత్త సర్వర్‌లోకి అన్నీ ఎక్కించి, మీ కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైలులో (ఆ ఒక్క కంప్యూటర్‌కు మాత్రం ఏ పేరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఫైలులో) కొత్త ఐపీ రాసుకుని, పాఠకులకు తెలియకుండా మీరొక్కరే పేజీలన్నీ తిప్పి చూడండి. ఆ సమయంలో వచ్చే వ్యాఖ్యలు పాత డేటాబేస్‌లోనే ఉండిపోతాయి కాబట్టి వ్యాఖ్యల పెట్టెను తాత్కాలికంగా మూసి, కొత్త వ్యాసాలూ ఆపండి. సరిగా ఉందనుకున్నాక "ఏ" రికార్డును మార్చండి. డొమైన్‌తో మెయిల్ కూడా వాడుతుంటే ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పేవి) పాత సర్వర్‌నే చూపుతున్నాయేమో చూసుకోండి. పాత ఖాతాను కనీసం ఒక వారం అలాగే ఉంచి, దాని లాగ్‌లో (రాకపోకల చిట్టాలో) పాఠకుల రాక ఆగిపోయాకే మూసేయండి.