చింతకు వారబందీ

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాగా పనిచేస్తున్నాను. పంతొమ్మిదేళ్లుగా ధర్మకాంట, అంటే లోడు బండ్లను తూచే కాంట, పక్క గదిలోనే నా కుర్చీ. ఏడాదికి రెండు సీజన్లు. దసరా దాటాక వానకాలం వడ్లు, ఉగాది దాటాక యాసంగి వడ్లు. ఆ రోజుల్లో హార్వెస్టర్ కోసిన పచ్చి వడ్లు పొలం నుంచి నేరుగా ట్రాక్టర్లలో మిల్లుకే వస్తాయి. రోడ్డు పొడుగునా లైను. తేమ ఎంత వచ్చింది, రేటు ఎంత కడతారు, నా బండి ఎప్పుడు దిగుతుంది అని కిటికీ దగ్గర పది గొంతులు. లోపల్నుంచి ఓనర్ ఫోన్లు. ఈ రెంటి మధ్య పొద్దున ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా నేను.

నాలుగేళ్ల కింద ఒక యాసంగిలో ఒక పెద్దాయన తక్‌పట్టీ (తూకం, లెక్క రాసిచ్చే చీటీ) తిరిగి తెచ్చి, "సారూ, ఒక్కసారి చూడుండ్రి, తక్కువ పడ్డట్టుంది" అన్నాడు. నేను కాగితం కూడా చూడకుండా ఆయన మీద అరిచాను. ఆయన ఏమీ అనలేదు, కిటికీ దగ్గరే నిలబడ్డాడు. కాసేపటికి చూస్తే తప్పు నాదే. 54 క్వింటాళ్లను 45 అని రాశాను. సరిచేసి ఇచ్చి, ఆయన చేతులు పట్టుకున్నాను. తర్వాత ఊక కుప్ప వెనక్కి వెళ్లి నిలబడితే నా చేతులు వణుకుతున్నాయి. ఆ వారమే బీపీ చూపించుకుంటే 150/100. డాక్టర్ గోళీ రాశారు, దాంతోపాటు "టెన్షన్ తగ్గించుకో" అన్నారు. ఎలా తగ్గించుకోవాలో నేను మెల్లగా నేర్చుకున్నాను. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు రాస్తున్నాను.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద బతికేవాళ్లకు వారబందీ అంటే ఏంటో విడమర్చక్కర్లేదు. నీళ్లు తక్కువున్న ఏడు కాలువను రోజూ పారనివ్వరు. కొన్ని రోజులు నీళ్లు, కొన్ని రోజులు బంద్. ఆ వరుస పాటించకపోతే పై మళ్లు నిండిపోతాయి, చివరి భూములు ఎండిపోతాయి. మనిషి ఓపిక కూడా అట్లాంటి నీళ్లే. మిల్లు చింత నా పై తూము. పొద్దస్తమానం అది తెరిచే ఉండేది. చివరి భూమి మా ఇల్లు. నేను ఇంటికొచ్చి బండి స్టాండ్ వేసే చప్పుడును బట్టి ఈ రాత్రి నాన్నతో మాట్లాడొచ్చా లేదా అని పిల్లలు లెక్క వేసుకునేవాళ్లు. ఈ సంగతి మా ఆవిడ చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు.

అందుకే మొట్టమొదట చేయాల్సింది చింతకు ఒక వేళ పెట్టడం. సాయంత్రం ఇరవై నిమిషాలు చాలు. నాకు ఆరున్నర కుదురుతుంది, హమాలీలు టీకి లేచే సమయం అది. మీకు ఏది కుదిరితే అది పెట్టుకోండి కానీ పడుకునే ముందు మాత్రం వద్దు. ఒక నోటుబుక్కు తీసుకుని, చిట్టా రాసినట్టే నడిమిన గీత కొట్టండి. ఎడమవైపు నా చేతిలో ఉన్నవి, కుడివైపు లేనివి. ఆ రోజు మనసును తిన్న ప్రతిదాన్నీ ఏదో ఒక వైపు రాయాలి. ఎడమవైపు రాసినదాని పక్కన చేయాల్సిన పని, చేసే రోజు తప్పకుండా ఉండాలి. "చిన్నోడి ఫీజు పన్నెండు వేలు తక్కువ. శుక్రవారం బావతో మాట్లాడాలి." ఇట్లా. "డబ్బుల కష్టం" అని రాస్తే లాభం లేదు, అది ఎవరికీ తెగని లెక్క. అకాల వాన, వడ్ల రేటు, ఓనర్ కోపం కుడివైపు పోతాయి. వాటి పక్కన ఏమీ రాయను. రాసి వదిలేస్తాను.

పగటిపూట చింత వస్తే? వస్తుంది. జేబులో చిన్న చీటీ ఉంచుకుని ఒక్క మాట రాసుకోండి, "ఫీజు" అనో "నడుము నొప్పి" అనో. సాయంత్రం నీ వంతు వస్తుంది అని దానికి చెప్పండి. మర్చిపోతానేమో అన్న భయంతోనే మనసు ఒకే మాటను పదేపదే తిప్పుతుంది, కాగితం మీద పడితే ఆ పట్టు వదులుతుంది. మానసిక వైద్యంలో కూడా చింతకు వేళ కేటాయించే ఈ పద్ధతి ఉందని నాకు తర్వాత తెలిసింది. మొదటి వారం నాకు అసలు కుదరలేదు. ఇరవై నిమిషాలు అయిపోయినా లెక్కలు తలలో తిరుగుతూనే ఉండేవి. అప్పుడు చేయాల్సింది, పుస్తకం మూసి లేవడం, కాళ్లు చేతులు కడుక్కోవడం, కూర్చున్న చోటు మారడం. మూడో వారానికి గానీ మనసు మాట వినడం మొదలుపెట్టలేదు. కాబట్టి మూడు వారాలు ఓపిక పట్టండి.

రెండోది ఊపిరి. బండి కాంట ఎక్కగానే అంకెలు ఎగురుతాయి. నాలుగైదు సెకన్లకు గానీ నిలవవు, నిలిచేదాకా రాయకూడదు. ఇన్నేళ్లు ఆ నాలుగైదు సెకన్లూ నేను డ్రైవర్ మీద అరుస్తూ గడిపాను. ఇప్పుడు అంకెలు ఎగరడం చూడగానే ఊపిరి మొదలుపెడతాను. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలడం. పీల్చినప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. అందుకే వదిలేది పొడుగ్గా ఉండాలి. ఒక్కసారితో ఏమీ తెలియదు. వరుసగా ఐదారు సార్లు చేస్తే భుజాలు దిగడం మీకే తెలుస్తుంది. ప్రత్యేకంగా సమయం వెతుక్కోకండి, రోజూ ఎన్నోసార్లు చేసే ఏదో ఒక పనికి దీన్ని ముడి వేయండి. నాకు కాంట. ఇంట్లో వంట చేసేవాళ్లకు పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడే సమయం. బస్సులో తిరిగేవాళ్లకు ప్రతి స్టేజీ.

మా దగ్గర వాడపల్లిలో, కృష్ణా మూసీ కలిసే చోట, లక్ష్మీనరసింహస్వామి గుడిలో రెండు దీపాలు ఉంటాయి. స్వామి ముఖం దగ్గరి దీపం కదులుతూ ఉంటుంది, కింది దీపం నిలకడగా వెలుగుతుంది. కదిలేది స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసల వల్లే అని భక్తుల నమ్మకం. చిన్నప్పటి నుంచీ చూస్తున్న దీపాలే. ఇప్పుడు గొంతులు పెరిగినప్పుడు కళ్లు మూసుకుని ఆ కింది దీపాన్ని తలచుకుంటాను. నాకు అది పనిచేస్తుంది. మీ మనసులో నిలకడగా ఉన్న వస్తువు ఏదైనా సరే, దాన్ని పెట్టుకోండి.

తిండి సంగతి. సీజన్లో మధ్యాహ్నం అన్నం నాలుగింటికి తినేవాణ్ని, ఆలోపు ఎనిమిది చాయలు. ఖాళీ కడుపుకు కోపం ఎక్కువ, అది చాలాసార్లు ఆకలే అని గుర్తుపట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు పదకొండింటికి ఉడకబెట్టిన బొబ్బెర గుడాలో పెసర గుడాలో ఒక డబ్బాలో ఉంటాయి, కాలంలో అయితే ఒక బత్తాయి. ఒంటిగంటకు ఎవరు పిలిచినా ముందు అన్నమే. చాయలు మూడు, ఆఖరిది నాలుగింటికి. చాయలో ఉండే కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి ఐదు గంటల దాకా పడుతుంది, కాబట్టి రాత్రి ఎనిమిదింటికి తాగి నిద్ర రావట్లేదని బాధపడి ఉపయోగం లేదు.

మందు గురించి కూడా చెప్పాలి. అలసటకు ఒక పెగ్గు వేస్తే నిద్ర పడుతుందని మా దగ్గర చాలామంది అంటారు. తొందరగా పడుతుంది, నిజమే. కానీ అర్ధరాత్రి దాటాక తెగిపోతుంది. తెల్లవారుజామున మూడింటికి గుండె దడతో మెలకువ వస్తే, అప్పుడు వచ్చే ఆలోచనలంత చెడ్డవి పగలు రావు. నేను మానేశాను. మీరూ నిద్ర కోసమైతే ముట్టకండి.

ఫోన్ ముందు గదిలో చార్జింగ్ పెట్టి పడుకుంటాను. అలారానికి మామూలు గడియారం ఉంది.

నడక. వారానికి 150 నిమిషాలు చురుగ్గా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఐదు రోజులు అరగంట చొప్పున అయితే సరిపోతుంది. మన నల్లగొండ జిల్లా ఎండలు తెలిసినవే కదా, మే నెలలో పొద్దున ఆరు దాటితే నడవకండి. నేను ఐదింటికి బయల్దేరతాను. మొదటి పది నిమిషాలు తలలో మిల్లే ఉంటుంది. ఆ తర్వాత పొలాల మీది గాలి తెలుస్తుంది.

వీటన్నింటిలో మా ఇంట్లోవాళ్లకు బాగా ఉపయోగపడింది మాత్రం ఇది. రాత్రి ఇంటికి వెళ్లేటప్పుడు మా సందు మలుపులో వేపచెట్టు ఉంది. అక్కడ బండి ఆపి ఇంజన్ బంద్ చేస్తాను. సీసాలో ఉన్న నీళ్లు తాగుతాను. ఐదు నిమిషాలు. మిల్లులో ఎవరి మీద కోపం ఉందో వాళ్ల పేరు ఒకసారి లోపల అనుకుని, అక్కడే వదిలి బయల్దేరతాను. బండి స్టాండ్ ఇప్పుడు చేత్తో మెల్లగా దించుతున్నాను. సీజన్లో కూడా మా పాప లెక్కల పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వస్తోంది.

ఇవి రోజువారీ టెన్షన్‌కు. ఛాతీలో బరువు, చెమటలు, చేయి లాగడం ఉంటే టెన్షనే అని కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. రెండు వారాలు దాటినా నిద్ర సరిగ్గా లేకపోతే, ఏ పని మీదా మనసు పోకపోతే డాక్టర్‌ను కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు చూడొద్దు, ఆ క్షణమే ఎవరితోనైనా చెప్పాలి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుంచి ఉంది. నంబరు 14416. డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇది మీకోసమే కాదు, పక్కింటి వాళ్లకూ, అప్పుల్లో ఉన్న చుట్టానికీ చెప్పడానికి గుర్తుపెట్టుకోండి.

చాలామంది ఆగిపోయేది మొదటి మాట దగ్గర. నేనూ ఆగాను. చివరికి మా మిల్లులో ఒక హమాలీ అన్న దగ్గర కూర్చుని, "అన్నా, నిద్ర పడతలేదు, తలలో లెక్కలు ఆగుతలేవు" అన్నాను. ఆయన బస్తా మీంచి జరిగి నాకు చోటిచ్చి, "ఎప్పటి సంది?" అని అడిగాడు. మీకు మాట దొరకకపోతే ఇదే మాట వాడుకోండి. మిగతావి వాళ్లే అడుగుతారు.